తాతల అలవాట్లు, మన ఆరోగ్యం: ఒక ప్రకృతి వైద్యురాలు చెప్పే అపోహలు - వాస్తవాలు

నేను ఒంగోలులో ప్రకృతి వైద్యం చేస్తాను. పాత తిండి, పాత పద్ధతులు మళ్ళీ మన ఇళ్ళలోకి వస్తున్నాయంటే నాకు నిజంగా సంతోషం. అయితే ఈ మధ్య నా గదిలోకి వస్తున్న కొన్ని నమ్మకాలు మనుషులకు హాని చేస్తున్నాయి. నాకు రోజూ ఎదురయ్యేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పూర్వం అందరూ నూరేళ్ళు బతికారు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ దగ్గర ఉండేది. అందరూ 32కే పోయారని కాదు. పురిట్లో తల్లులు, ఏడాది నిండకుండా పిల్లలు, కలరాతో, మశూచితో ఊళ్ళకు ఊళ్ళు పోయేవి. మా నాయనమ్మకు ఏడుగురు పుడితే నలుగురు మిగిలారు. మనం గొప్పగా చెప్పుకునే తాత అలా మిగిలినవాళ్ళలో ఒకడు. బిడ్డ పుట్టగానే ముర్రుపాలు పిండి పారబోయడం కూడా పాత అలవాటే. బిడ్డకు మొదటి రక్షణ ఆ పాలే. పాతదైనంత మాత్రాన అన్నీ అందుకోవాల్సినవి కావు.

అపోహ: చిరుధాన్యాలు ఎంత తిన్నా షుగర్ పెరగదు.

పొదిలి వైపు నుంచి ఒకాయన వచ్చారు. ఏడాదిగా బియ్యం ముట్టలేదట, అయినా షుగర్ దిగడం లేదు. మధ్యాహ్నానికి తెచ్చుకున్న క్యారేజీ ఇక్కడే విప్పమన్నాను. కొర్రన్నం ప్లేటులో పోస్తే గోపురంలా లేచింది. పక్కన చిన్న గిన్నెలో ఊరగాయ. పప్పు లేదు, కూర లేదు, మజ్జిగ లేదు. "కొర్రలే కదమ్మా, ఎంతైనా తినొచ్చన్నారు" అన్నారాయన.

నూరు గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాముల దాకా ఉంటే, కొర్రల్లోనూ 60కి పైమాటే. పీచు ఎక్కువ కాబట్టి కొంచెం నిదానంగా రక్తంలోకి వెళుతుంది, అంతే. పాలిష్ పట్టిన కొర్రలైతే ఆ కాస్త తేడా కూడా తగ్గిపోతుంది. ఇక రాగిజావ. పిండి చేసి, ఉడికించి, పల్చగా తాగితే షుగర్ గబగబా పెరుగుతుంది. రాగుల్లో నూరు గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది, పిల్లలకు, ఆడవాళ్ళకు చాలా మంచిది. షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం చిన్న ముద్దగా, పప్పుతోనో ఆకుకూరతోనో తినాలి.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో సజ్జసంగటి తిన్నవాళ్ళు పొద్దుగూకేదాకా మెట్టచేలో వంగి లేచేవాళ్ళు. మనం సంగటి తెచ్చుకున్నాం, చేను వదిలేశాం. ఆ పెద్దాయనకు నేను కొర్రలు మాన్పించలేదు. అన్నం సగం చేసి, ప్లేటులో మిగతా సగం గోంగూర పప్పు, దొండకాయ కూరతో నింపమన్నాను. తిన్నాక ఇరవై నిమిషాలు నడవమన్నాను. రెండు నెలల్లో షుగర్ దిగింది.

అపోహ: నేలలోంచి వచ్చే నీళ్ళు సహజమైనవి, ఫిల్టర్ నీళ్ళలో సత్తువ ఉండదు.

మా ప్రాంతంలో అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. కనిగిరి, పొదిలి, దర్శి వైపు నేలలోని రాళ్ళలో ఫ్లోరైడ్ ఉంది. అది కరిగి నీళ్ళలో చేరుతుంది. ఆ నీళ్ళు తాగితే పళ్ళకు, ఎముకలకు వచ్చే జబ్బే ఫ్లోరోసిస్. మన దేశంలో ఈ జబ్బును 1937లో మొట్టమొదట వివరంగా రాసింది అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ళను చూసే. ఈ తాలూకాలన్నీ అప్పట్లో నెల్లూరు కిందే ఉండేవి.

ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు ఆ నీళ్ళు తాగుతూ పెరిగితే వచ్చే పళ్ళ మీద సున్నపు మచ్చలు, తర్వాత గోధుమరంగు చారలు పడతాయి. ఆ ఊళ్ళ ఆడపిల్లలు నవ్వితే చెయ్యి దానంతటదే నోటికి అడ్డం వెళుతుంది. చూసిన ప్రతిసారీ నాకు కడుపులో దేవినట్టవుతుంది. పెద్దవాళ్ళకైతే ఏళ్ళ తరబడి ఎముకల్లో చేరి మెడ, నడుము బిగుసుకుపోతాయి. నా దగ్గరికి వచ్చే ఒక తాత పక్కకు చూడాలంటే మెడ తిప్పలేడు, మనిషి మొత్తం తిరుగుతాడు.

తాగేనీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కాస్తే పోతుందనుకుంటారు, పోదు. నీళ్ళు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. రాగిచెంబులో రాత్రంతా ఉంచినా పోదు. మన పెద్దవాళ్ళు చెరువునీళ్ళు చిల్లగింజ అరగదీసి తేర్చుకునేవాళ్ళు. చిల్లగింజ బురదను తేరుస్తుంది గానీ ఫ్లోరైడును తియ్యలేదు. ఒకటి మాత్రం గమనించండి. వాళ్ళు చాలాచోట్ల చెరువునీళ్ళు, దొరువునీళ్ళు (లోతు లేని గుంటబావి నీళ్ళు) తాగారు. వందల అడుగుల లోతు బోరు వాళ్ళకు తెలియదు. అది మన కాలం పని. కాబట్టి బోరునీళ్ళు తాగేవాళ్ళు ముందు పరీక్ష చేయించుకోండి. ఎక్కువుంటే వాననీళ్ళు, నాగార్జునసాగర్ నీళ్ళు, ఆర్వో ఫిల్టర్ నీళ్ళు, ఏది దొరికితే అది తాగండి. పిల్లలకు పాలు, పెరుగు, రాగులు బాగా పెట్టండి. కాల్షియం ఫ్లోరైడును కొంత ఒంటికి పట్టకుండా ఆపుతుంది.

అపోహ: కల్లుప్పు, సైంధవ లవణం ఎంతైనా వాడొచ్చు.

బీపీని పెంచే సోడియం అన్ని ఉప్పుల్లోనూ ఉంది. ఏ ఉప్పైనా రోజుకు మొత్తం 5 గ్రాములు దాటకూడదు, అంటే ఒక టీ చెంచా. ఊరగాయ, ఎండుచేప కూడా ఆ లెక్కలోకే వస్తాయి. అయోడిన్ కలపని ఉప్పే వాడితే గర్భిణులకు, పిల్లలకు నష్టం.

అపోహ: చెప్పుల్లేకుండా నడిస్తే అందరికీ మంచిది.

పొద్దున్నే చల్లటి మట్టిలో, పచ్చికలో నడవడం హాయి, కాదనను. షుగర్ ముదిరి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు మాత్రం వద్దు. ఒక మే నెలలో ఒకావిడ గుడి బండల మీద ప్రదక్షిణలు చేసి వచ్చింది. రెండు అరికాళ్ళూ బొబ్బలు. ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కునేదాకా ఆమెకు తెలియలేదు. రాత్రిపూట చేలో అయితే షుగర్ లేనివాళ్ళు కూడా చెప్పులు, టార్చి లేకుండా వెళ్ళొద్దు, పాములుంటాయి.

అపోహ: ప్రకృతి వైద్యం మొదలుపెడితే మందులు ఆపేయాలి.

గాంధీజీ కన్నా ప్రకృతి వైద్యాన్ని నమ్మినవాళ్ళు ఎవరున్నారు?  అలాంటి ఆయన కూడా 1924 జనవరిలో అపెండిసైటిస్ వస్తే పూణేలో ఒక ఇంగ్లీషు డాక్టరు చేత ఆపరేషన్ చేయించుకున్నారు.

చిన్నప్పుడే షుగర్ వచ్చిన ఒక అబ్బాయి, ఎవరో కషాయం ఇస్తే ఇన్సులిన్ మానేశాడు. మూడోరోజుకు వాంతులు, ఆయాసం. నా దగ్గరికి తెచ్చారు. చూడగానే నా కారులోనే పెద్దాసుపత్రికి పంపాను. ఐసీయూలో నాలుగు రోజులుండి బతికాడు. అలాంటి పిల్లలకు ఇన్సులిన్ ఒక్కరోజు కూడా ఆపకూడదు.

తిండి మారి, బరువు తగ్గి, నడక పెరిగినవాళ్ళకు మాత్రలు తగ్గడం నేను చూస్తూనే ఉన్నాను. కానీ తగ్గించాల్సింది మందు రాసిన డాక్టరు, అదీ పరీక్షలు చూసి. నా దగ్గరికి వచ్చేటప్పుడు మీ మందుల చీటీ, పాత రిపోర్టులు తప్పకుండా తెచ్చుకోండి.