రాబిన్సన్ క్రూసో భక్తి, లెక్కలు: అపోహలు - వాస్తవాలు

ఓడ మునిగి దీవిలో ఒంటరిగా చిక్కుకున్న క్రూసో కథ ఇది, రాసింది డేనియల్ డెఫో. డిగ్రీ క్లాసులో ఈ నవల ఎత్తుకోగానే "కథ తెలుసు సార్, స్కూల్లో నాన్‌డిటెయిల్‌గా చదివాం" అంటారు పిల్లలు. వాళ్లు చదివింది కుదించిన పుస్తకం. అందులో మేకలు, గొడుగు, చిలక మిగిలాయి. దేవుడూ బానిస వ్యాపారమూ ఎగిరిపోయాయి.

అపోహ: ఇది అలెగ్జాండర్ సెల్కిర్క్ అనే నిజమైన నావికుడి జీవితకథ.

వాస్తవం: సెల్కిర్క్ పసిఫిక్ దీవిలో నాలుగేళ్ల నాలుగు నెలలుండి 1709లో బయటపడ్డాడు. 1719లో డెఫో రాసిన క్రూసో, దక్షిణ అమెరికాలోని ఒరినోకో నది ముఖద్వారం దగ్గరి దీవిలో 28 ఏళ్లకు పైగా ఉంటాడు.

అపోహ: వట్టి చేతులతో బతికాడు.

వాస్తవం: తీరం దగ్గర చిక్కుకుపోయిన తన ఓడకు పన్నెండుసార్లు వెళ్లి తుపాకులు, మందుగుండు, వడ్రంగి పెట్టె, రమ్ము, బైబిళ్లు తెచ్చుకున్నాడు. ఆఖరిసారి డబ్బు కనిపిస్తే 'నువ్వెందుకు పనికొస్తావ్?' అని తిట్టి, మళ్లీ ఆలోచించి గుడ్డలో చుట్టుకున్నాడు. మనిషి నాకు పట్టుబడింది అక్కడే.

అపోహ: మొదట్నుంచీ భక్తుడే.

వాస్తవం: ఇక్కడ నేను క్లాసులో రెండు రోజులు ఆగుతాను. దీవిలో పది పన్నెండు బార్లీ కంకులు కనిపిస్తాయి. తాను విత్తలేదు కాబట్టి దేవుడే మొలిపించాడని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. కాసేపటికి గుర్తొస్తుంది, కోళ్ల దాణా సంచి దులిపింది అక్కడే. భక్తి సగం చల్లారిపోతుంది! తర్వాత చలిజ్వరం. మందుకని పొగాకు వెతుకుతుంటే అదే పెట్టెలో బైబిల్ దొరుకుతుంది. పొగాకు నమిలి తల తిరుగుతుండగా 'ఆపత్కాలమున నన్ను పిలువుము' అన్న కీర్తన కంటపడుతుంది. జీవితంలో మొదటిసారి మోకరించింది ఆ రాత్రే.

అపోహ: దేవుణ్ణి నమ్మాక నీతిమంతుడయ్యాడు.

వాస్తవం: కొంతవరకే. నరమాంసం తినేవాళ్లను మందుగుండుతో పేల్చేద్దామనుకుని, 'వీళ్లు నాకేం చేశారు? తీర్పు దేవుడిది' అని వెనక్కి తగ్గుతాడు. ఆ పేజీలంటే నాకు గౌరవం. కానీ అతని ఓడ బయల్దేరిందే గినియా నుంచి బానిసలను తేవడానికి. అంతకుముందు తానే బానిసగా ఉన్న చోటి నుంచి తనతోపాటు తప్పించుకొచ్చిన జూరీ అనే కుర్రాణ్ణి కాస్త తటపటాయించి ఓ ఓడ కెప్టెన్‌కు 60 వెండి నాణేలకు ఇచ్చేశాడు. తర్వాత బ్రెజిల్‌లో తన తోటలో పనికి మనుషులు చాలకపోతే, అయ్యో, వాణ్ణి ఉంచుకోవాల్సింది అనుకుంటాడు. ఈ బేరం గురించి దీవిలో ఒక్క పశ్చాత్తాపపు మాటా ఉండదు.

నరమాంసం తినేవాళ్ల నుంచి కాపాడి, దీవిలో తన దగ్గర పనికి ఉంచుకున్న ఫ్రైడేకి మొదట్లోనే నేర్పిన మాటల్లో ఒకటి 'దొర'. అదే తన పేరంటాడు. తర్వాత బైబిల్ చెబుతాడు. దేవుడు అంత బలవంతుడైతే సైతానును ఎందుకు చంపడని ఫ్రైడే అడుగుతాడు. దొర ముందు వినపడనట్టు నటిస్తాడు. రెట్టించి అడిగితే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి, ఫ్రైడేని దూరంగా ఏదో తెమ్మని పంపేస్తాడు.