కాన్ఫిడెన్స్ వచ్చాకే నరేషన్ ఇస్తానంటే ఎలా? అపోహలు - వాస్తవాలు

యూసఫ్‌గూడలో కౌన్సెలింగ్ చేస్తాను. కృష్ణానగర్ కూతవేటు దూరం కాబట్టి నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది సినిమావాళ్ళు, లేదంటే సినిమావాళ్ళు కావాలనుకునేవాళ్ళు. అసిస్టెంట్ డైరెక్టర్లు, పాటలు రాసేవాళ్ళు, ట్రాక్ సింగర్లు (అసలు గాయకుల కన్నా ముందు నమూనాగా పాట పాడిపెట్టేవాళ్ళు), ఈమధ్య రీల్స్ చేసేవాళ్ళు కూడా. వీళ్ళలో జబ్బుతో వచ్చేవాళ్ళు తక్కువ. ఎవరో అన్న మాట పట్టుకుని ఏళ్ళకేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఎక్కువ. కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా అవే మాటలు వింటున్నాను, అందుకే రాసి పెడుతున్నాను.

అపోహ: ముందు కాన్ఫిడెన్స్ రావాలి, ఆ తర్వాతే పని బయటపెట్టాలి

మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

ఒకబ్బాయి వచ్చాడు. (ఇందులో ఎవరినీ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.) భుజాన సంచి, అందులో బౌండ్ స్క్రిప్టు. స్పైరల్ బైండింగ్ చేయించి పైన ప్లాస్టిక్ అట్ట వేయించాడు. మొదటి పేజీ మూలల్లో పసుపు మరకలు. 'కథ, మాటలు, దర్శకత్వం' కింద తన పేరు టైపు చేయించాడు. 'నిర్మాత' అన్నచోట మాత్రం పెన్సిల్‌తో పేర్లు రాసి, చెరిపి, మళ్ళీ రాసి చెరిపిన గుర్తులు. కాగితం అక్కడ పలచబడిపోయింది.

ఒక సినిమా ఆఫీసు నుంచి నరేషన్‌కి, అంటే కథ వినిపించడానికి, రమ్మని పిలుపొచ్చింది. ఆ పొద్దున జ్వరం. నిజం జ్వరమే, నాటకం కాదు. రెండోసారి పిలిస్తే ఇంటర్వెల్ కుదరలేదు, పది రోజులు టైమివ్వండి అన్నాడు. మూడోసారి ఫోనే ఎత్తలేదు. "కాన్ఫిడెన్స్ పెరగడానికి ఏదైనా టెక్నిక్ చెప్పండి మేడమ్, అది రాగానే వెళ్ళిపోతాను" అన్నాడు.

అది అలా రాదు. వస్తుందని ఎవరైనా వీడియోలో చెబితే నమ్మకండి. తనవల్ల అవుతుందన్న నమ్మకం మనిషికి ఎక్కడినుంచి వస్తుందో ఆల్బర్ట్ బండూరా అనే సైకాలజిస్టు 1977లో వివరంగా రాశాడు. నాలుగు చోట్లనుంచి అంటాడాయన: స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటివాడు చేస్తుంటే చూడడం, పక్కవాళ్ళ ప్రోత్సాహం, ఒంట్లో పుట్టే దడను ఏమని అర్థం చేసుకుంటామన్నది. వీటిలో మొదటిదాని బలం మిగతావాటికి లేదు. మోటివేషన్ వీడియోలన్నీ మూడోదాని కిందకి వస్తాయి. చూసినంతసేపూ బాగానే ఉంటుంది. కాబట్టి నరేషన్ ఇవ్వడానికి కావలసిన ధైర్యం నరేషన్లు ఇవ్వగా ఇవ్వగా వస్తుంది, వాటికి ముందు రాదు. ఈ వరస తిరగేసి పట్టుకున్నవాళ్ళు నలభయ్యేళ్ళకు కూడా అదే గదిలో అదే కథ దిద్దుకుంటూ కనిపిస్తారు. వాళ్ళని చూసి నవ్వేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. గుండె దడదడలాడుతుంటే అడుగు వెయ్యడం ఎంత కష్టమో ఆ నవ్వేవాళ్ళకేం తెలుసు?

మేం చేసింది మామూలు పనే. మెట్లు కట్టుకున్నాం. మొదట సినిమాతో సంబంధం లేని బావకి కథ చెప్పాలి. తర్వాత పాత కో-డైరెక్టర్‌కి. తర్వాత, తనకి పెద్దగా ఆశలేని ఒక చిన్న ఆఫీసులో. ప్రతిసారీ వెళ్ళేముందు 'ఏం జరుగుతుందని భయపడుతున్నాను' అని కాగితం మీద రాయాలి, తిరిగొచ్చాక నిజంగా ఏం జరిగిందో దాని పక్కన రాయాలి. బావ దగ్గరికి వెళ్ళేముందు "మధ్యలో లేచిపోతాడు" అని రాశాడు. వచ్చాక పక్కన రాసింది: "లేవలేదు. సెకండాఫ్‌లో హీరో ఉద్యోగం ఎందుకు మానేశాడని అడిగాడు. నిజమే, నాకూ తెలీదు." భయంతో ఊరికే కూర్చుంటే అనుమానం మనిషి మీదకి పోతుంది. పని బయటికెళితే అదే అనుమానం సెకండాఫ్ మీదకి మళ్ళుతుంది. అక్కడైతే దానివల్ల ఉపయోగం ఉంది.

గురజాడ 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శన కట్టింది. 1897లో అచ్చయింది. ఆ తర్వాత ఆయన దాన్నే తిరగరాసి, పెంచి, దాదాపు కొత్త నాటకం చేసి 1909లో మళ్ళీ అచ్చువేయించాడు. ఇవాళ మనం చదివేది ఆ రెండోదే. అమెరికాలో రాల్ఫ్ ఎల్లిసన్ తొలి నవల 1952లో వచ్చింది, మరుసటేడు అక్కడి నేషనల్ బుక్ అవార్డు తెచ్చిపెట్టింది. రెండో నవల కోసం వేల పేజీలు రాశాడు, 1994లో చనిపోయేనాటికి అది పూర్తికాలేదు. ఇద్దరూ దిద్దినవాళ్ళే. ఒకాయన జనం ముందు పెట్టి దిద్దాడు.

సరే, మా కుర్రాడు వెళుతూ వెళుతూ ఇంకోమాట అన్నాడు. "రిజెక్ట్ చేస్తే అలవాటే మేడమ్. ఓకే అంటేనే టెన్షన్. ఓకే అన్నారంటే రేపు సెట్లో అంతమంది షాట్ ఏంటని నా మొహమే చూస్తారు."

అపోహ: గెలుపంటే ఎవరికైనా భయమా? అది ఒట్టి బద్ధకం

మా మేనత్త బాగా పాడేది. విజయవాడ రేడియో స్టేషన్ నుంచి ఆడిషన్‌కి ఉత్తరం వచ్చింది. అప్పట్లో బి గ్రేడ్ వచ్చినా ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. ఆడిషన్‌కి ముందు రోజు రాత్రి ఎవరిదో పెళ్ళి. విడిదింట్లో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పాటలు పాడింది, పైగా ఐసు వేసిన షర్బత్తు తాగింది. తెల్లారేసరికి గొంతు పోయింది. ఆ తర్వాత జీవితమంతా "ఆరోజు గొంతు పట్టెయ్యకపోతేనా!" అంటూనే ఉండేది. ఆ మాటలో బాధ ఉండేది, కొంచెం హాయి కూడా ఉండేది. చిన్నప్పుడు ఆ హాయి ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు.

1978లో బెర్గ్లాస్, జోన్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు విద్యార్థులకు కొన్ని ప్రశ్నలిచ్చారు. కొందరికి ఇచ్చినవాటిలో చాలావాటికి జవాబే లేదు. అయినా 'అద్భుతంగా చేశారు' అన్నారు. తర్వాత మరో పరీక్ష ఉందని చెప్పి, ముందుగా రెండు మందుల్లో ఒకటి ఎంచుకోమన్నారు: బుర్ర చురుగ్గా పనిచేయించేది ఒకటి, మొద్దుబార్చేది ఒకటి. ఎందుకు నెగ్గారో తమకే తెలియని కుర్రాళ్ళు ఎక్కువగా మొద్దుబార్చే మందు వైపు మొగ్గారు. ఓడితే నెపం మందుమీదకి పోతుంది, నెగ్గితే మందు వేసుకుని కూడా నెగ్గినట్టు. మా అత్త షర్బత్తు అదే. డెడ్‌లైన్ ముందు రాత్రి దాకా కూర్చోకపోవడం, పాట రికార్డింగ్ రోజున లేటుగా వెళ్ళడం కూడా అలాంటివే. బద్ధకమని తిట్టి లాభం లేదు.

ఎందుకు నెగ్గారో తెలియని మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఈమధ్య నా దగ్గరికి వస్తున్న రీల్స్ పిల్లల సమస్య సరిగ్గా ఇదే. ఒక వీడియో లక్షల్లో పోతుంది. ఎందుకు పోయిందో తెలియదు. తర్వాతది పెట్టాలంటే చెయ్యి ఆడదు. వీళ్ళకి నేను చెప్పేది: ఆ వీడియో తీసుకుని, అందులో మీరు తెలిసి చేసిన పనులేమిటో రాయండి. ఫలానా చోట ఆగాను, ఫలానా మాట ముందుకి తెచ్చాను, అలా. అదృష్టం వాటా అదృష్టానికి వదిలేయండి. తెలిసి చేసినవి రెండో వీడియోలో కూడా చేయగలరు.

అపోహ: ద్వితీయ విఘ్నం

అబ్బబ్బ, ఈ మాట విని విని విసుగొచ్చింది. తొలి సినిమా ఆడినవాడు వచ్చి కూర్చుంటాడు, రెండోది పోతుందని ముందే ఖాయం చేసుకుని. జాతకం కూడా చూపించుకుని ఉంటాడు. లెక్క చూడండి. మొదటి కథ ఆరేడేళ్ళు గదిలో నానింది, రెండోది అడ్వాన్సు తీసుకున్న ఆర్నెల్లలో కావాలంటారు. పైగా బాగా ఆడింది కాబట్టే మొదటి సినిమా గురించి మాట్లాడుకుంటున్నాం. మామూలుకన్నా బాగా ఆడినదాని తర్వాత వచ్చేది మామూలుగా ఉండే అవకాశమే ఎక్కువ. ఇందులో గ్రహాల ప్రసక్తి లేదు. టైము అడగండి, కథ రాసివ్వడానికి ఎంత టైమో అగ్రిమెంటులో రాయించుకోండి.

అపోహ: ఎదిగితే దిష్టి తగులుతుంది, మనవాళ్ళు దూరమైపోతారు

దిష్టి సంగతి వదిలేయండి, నిమ్మకాయ కట్టుకుంటే నాకేం అభ్యంతరం లేదు. రెండోది మాత్రం ఉత్త అపోహ అనలేను. 1960ల చివర్లో మటీనా హార్నర్ అనే సైకాలజిస్టు అమెరికా కాలేజీ విద్యార్థినులకు ఒక్క వాక్యమిచ్చి కథ పూర్తి చేయమంది: 'మొదటి టర్మ్ పరీక్షల్లో ఆన్ మెడికల్ కాలేజీ క్లాసు మొత్తానికి ఫస్టొచ్చింది.' చాలామంది ఆన్‌ని ఒంటరిని చేశారు, బాధల పాలు చేశారు. ఆడవాళ్ళకి విజయమంటే భయం అని అప్పట్లో తేల్చేశారు. తర్వాత వేరేవాళ్ళు అదే ఆన్ కథ మగపిల్లలకిచ్చి చూస్తే వాళ్ళూ అలాగే రాశారు. ఫస్టొచ్చిన ఆడదాన్ని లోకం ఏం చేస్తుందో అందరికీ తెలుసన్నమాట.

కాబట్టి ఒక ట్రాక్ సింగర్ వచ్చి "నా పేరు పోస్టర్ మీద పడితే ఇంట్లో గొడవ మేడమ్" అంటే నేను ధైర్యవచనాలు చెప్పను. గొడవ ఎవరితో, దేని గురించి, డబ్బా, రాత్రిళ్ళు లేటవడమా, ఆయనకన్నా ఎక్కువ సంపాదించడమా, విడివిడిగా రాయిస్తాను. ఆ అమ్మాయి విషయంలో తేలింది రాత్రి పూట క్యాబ్ సమస్య. అత్తగారితో కూర్చుని మాట్లాడుకున్నారు. అందరిదీ అంత తేలిగ్గా తేలదు, ఒప్పుకుంటాను. డబ్బున్నచోట అప్పు అడిగే చుట్టాలు తప్పకుండా వస్తారు. వాళ్ళకేం చెప్పాలో చెక్కు రాకముందే అనుకోవడం మంచిది.

ఇక గబగబా మిగతావి.

'మందు పడితేనే కలం కదులుతుంది.' కదిలేది కలం కాదు, సిగ్గు. తెల్లారి చదువుకోండి, తెలుస్తుంది.

'నాకు ఇంపోస్టర్ సిండ్రోమ్ ఉంది, మాత్ర రాయండి.' తమ గెలుపుకి తాము తగమని, ఎప్పుడో బయటపడిపోతామని అనిపించడం అది. 1978లో దాని గురించి రాసిన క్లాన్స్, ఐమ్స్ అనే సైకాలజిస్టులు 'ఇంపోస్టర్ ఫినామినన్' అన్నారు, సిండ్రోమ్ అనలేదు, జబ్బూ అనలేదు. జబ్బుల పట్టికలోనూ అది లేదు. మాత్రలు రాయడం నా పని కూడా కాదు, అది సైకియాట్రిస్టుది.

'నరేషన్ ఇస్తే కథ కొట్టేస్తారు.' అలాంటివి జరగవని అనను. తెలుగు సినీ రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించి వెళ్ళండి. చేయించాక కూడా వెళ్ళకపోతే, ఆపుతున్నది దొంగ కాదు.

ఒక్క విషయంలో మాత్రం పైదేదీ పనికిరాదు. రెండు వారాలకు పైగా నిద్ర లేదు, తిండి సయించట్లేదు, ఇష్టమైన పాట కూడా వినబుద్ధి కావట్లేదు అంటే అది ఆత్మవిశ్వాసం గొడవ కాకపోవచ్చు, డిప్రెషన్ అయ్యుండొచ్చు. సైకియాట్రిస్టుని కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.