పదకొండో పేజీ దగ్గర ఆగిన ఉహురా

బిడ్డా,

ఈ ఉత్తరం నీకే రాస్తున్నా, కానీ ఎండాకాలం సెలవుల్లో మన మిద్దె మీద చాప పరుచుకుని నీతో పాటు స్టార్ ట్రెక్ అనే పాత అమెరికా అంతరిక్ష సీరియల్ చూసిన మీ తమ్ముడికీ, పక్కింటి పిల్లలకూ కూడా చదివి వినిపించు.

నువ్వు హైదరాబాద్ బస్సెక్కిన మూడో రోజు బియ్యం డబ్బా జరిపి ఊడుస్తుంటే నీ లాంగ్ నోట్‌బుక్ దొరికింది, ఆ సీరియల్‌లోని అంతరిక్ష ఓడలో సందేశాలు చూసే ఆఫీసరు ఉహురా మీద నువ్వు రాస్తున్న కథ అందులో ఉంది. అడగకుండా చదివినందుకు కోపం తెచ్చుకోకు. చదవడం మొదలుపెట్టాక ఆపలేకపోయాను. దాన్ని అక్కడ ఎందుకు దాచావో నాకు తెలుసు. ఆ రోజు అన్నాల దగ్గర పెద్దవాళ్ళలో ఒకరు నీ చేతిలోంచి పుస్తకం తీసుకుని రెండు పేజీలు తిప్పి, "పేర్లు వాళ్ళవే, ఓడ వాళ్ళదే, దీన్ని కాపీ అంటారమ్మా" అన్నారు, నువ్వు తల దించుకుని పెరుగన్నం కలుపుతూనే ఉన్నావు, ఎంతకీ నోట్లో పెట్టుకోలేదు. నేను అప్పుడే మాట్లాడాల్సింది. ముప్పై రెండేళ్ళు సర్కారు బడిలో సైన్సు చెప్పినదాన్ని, ఆ ఒక్క క్షణం నాకు మాట దొరకలేదు. ఇప్పుడు దొరికింది.

చిన్నపిల్లలకు గుర్తుండదేమో, నీ కథకు మూలమైన ఆ ఎపిసోడ్ ఏదో ముందు చెప్తా. 1967 సెప్టెంబర్ 29న అమెరికాలో ప్రసారమైంది. నోమాడ్ అనే యంత్రం ఓడలోకి వస్తుంది. ఉహురా తన బల్ల దగ్గర పని చేసుకుంటూ కూనిరాగం తీస్తుంటుంది. ఆ యంత్రానికి పాట అంటే ఏమిటో అర్థం కాదు, ఎందుకు పాడుతోందో తెలుసుకోవాలని ఆమె మెదడులో ఉన్న జ్ఞానమంతా తుడిచేస్తుంది. తర్వాత నర్సు చాపెల్ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చిన్నపిల్లకు నేర్పినట్టు ఒక్కో మాట కూడబలుక్కుని చదవడం నేర్పుతుంది. మాట తిరగక విసుగొచ్చినప్పుడు ఉహురా నోటివెంట ఇంగ్లీషు రాదు, స్వాహిలీ వస్తుంది, ఆఫ్రికాలోని తన సొంత భాష. చివర్లో డాక్టర్ మెకాయ్ వచ్చి, ఆమె అప్పుడే కాలేజీ స్థాయికి వచ్చేసింది, వారంలో డ్యూటీకి వస్తుంది అని చెప్తాడు. అంతే. మరుసటి ఎపిసోడ్‌లో ఆమె మామూలుగా తన కుర్చీలో ఉంటుంది. ఏమీ జరగనట్టే.

ఆ రోజు మిద్దె మీద నువ్వు అడిగిన ప్రశ్న నాకింకా యాదికుంది. "అమ్మమ్మా, చదువంటే మళ్ళీ నేర్పారు, మరి వాళ్ళమ్మ ఎవరో ఎవరు నేర్పారు?"

నీ నోట్‌బుక్ మొత్తం ఆ ప్రశ్నకు జవాబే. ఏడో పేజీలో ఉహురా తన గదిలో ఒక కప్పు పట్టుకుని, ఇది నేను కొనుక్కున్నదా, ఎవరైనా ఇచ్చిందా అని దాన్ని తిప్పి తిప్పి చూస్తుంది, అడుగున చిన్న బీట ఉంటే ఆ బీట ఎప్పుడు పడిందో కూడా తనకు తెలియదని ఏడుస్తుంది. ఆ కప్పు నాకు చాలా నచ్చింది. తొమ్మిదో పేజీలో ఇంటి నుంచి ఉత్తరం వస్తుంది, అది స్వాహిలీలో ఉంటుంది, నర్సు చాపెల్‌కు ఆ భాష రాదు కాబట్టి ఈ ఒక్క పాఠం ఆమె నేర్పలేదు, ఉహురా ఒక్కతే కూర్చుని చదువుకోవాలి. సీరియల్ రాసినవాళ్ళు ఇంతదాకా ఆలోచించలేదు. బడి ఆటస్థలంలో మోకాలు కొట్టుకుపోయిన ఇంగ్లీష్ మీడియం పిల్లలు ఏ భాషలో ఏడుస్తారో నేను ఏళ్ళ తరబడి చూశాను. ఆ స్వాహిలీ ముక్క పెట్టినవాళ్ళకు ఆ సంగతి తట్టింది, తట్టి కూడా అక్కడే వదిలేశారు. వాళ్ళు వదిలేసిన పోగును నువ్వు పట్టుకున్నావు. ఇట్లా తమకు నచ్చిన కథలోని మనుషులతో అభిమానులు రాసుకునే కథకే ఫ్యాన్ ఫిక్షన్ అని పేరు.

వాళ్ళెందుకు వదిలేశారో కూడా తెలుసుకో, ఊరికే తిట్టడం న్యాయం కాదు. అప్పట్లో ఒక్కో ఎపిసోడ్ దేనికదే పూర్తి కథ. ముందుది చూడనివాళ్ళకు కూడా అర్థం కావాలి, ఏది ముందు వేసినా ఏది వెనక వేసినా నడవాలి. అందుకని ఎవరికి ఏ దెబ్బ తగిలినా గంట తిరిగేసరికి మానిపోవాలి. ఇంకో సంగతి, కథ ఎప్పుడూ కెప్టెన్ కర్క్, స్పాక్, మెకాయ్ చుట్టూనే తిరుగుతుంది, మిగతావాళ్ళకు మిగిలే నిమిషాలు తక్కువ. 1966 నుంచి 1969 దాకా మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు నడిచినా ఉహురాకు ఇంటిపేరో సొంతపేరో తెలియని ఆ ఒక్క పేరే, న్యోటా అనే పేరు తెర మీద వినపడింది 2009లో వచ్చిన సినిమాలో. నలభై మూడేళ్ళు పట్టింది! స్వాహిలీలో న్యోటా అంటే నక్షత్రం. ఛానల్‌కు చూపించడానికి మొదట తీసిన పైలట్‌లో, అంటే నమూనా ఎపిసోడ్‌లో, కెప్టెన్ తర్వాతి స్థానంలో ఒక ఆడమనిషిని పెట్టారు, ఛానల్ ఆ పైలట్‌ను ఒప్పుకోలేదు, రెండోసారి తీసినప్పుడు ఆ పాత్రే లేదు, ఆ నటి మళ్ళీ ఓడలోకి వచ్చింది నర్సు చాపెల్‌గా. ఇక 1969 జూన్‌లో వచ్చిన ఆఖరి ఎపిసోడ్‌లో అయితే, మీ కెప్టెన్ల లోకంలో ఆడవాళ్ళకు చోటు లేదని ఒక పాత్ర చేతే అనిపించారు. అంతరిక్షమంతా తిరిగి వచ్చి ఆ మాట దగ్గర ఆగడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అయినా ఉహురా ఆ కుర్చీలో కూర్చోవడమే అప్పుడు పెద్ద సంగతి. ఆ వేషం వేసిన నల్లజాతి నటి నిచెల్ నికోల్స్ మొదటి సీజన్ అయ్యాక మానేద్దామనుకుందట, మార్టిన్ లూథర్ కింగ్ ఆమెను కలిసి, నువ్వు పోవద్దు, నిన్ను ఆ స్థానంలో జనం చూడాలి అని ఆపాడని ఆమే చాలాసార్లు చెప్పింది. తర్వాత 1977లో నాసా వాళ్ళు వ్యోమగాములుగా ఆడవాళ్ళనూ నల్లజాతివాళ్ళనూ చేర్చుకోవడానికి ఆమె సాయం తీసుకున్నారు. అంటే ఆ సీరియల్ తక్కువది కాదు. తలుపు తెరిచింది, లోపలికి పిలిచింది, కూర్చోమంది, కానీ ఎట్లున్నావని అడగలేదు.

ఆ అడిగే పని చూసినవాళ్ళు చేశారు. నువ్వు మొదటిదానివి కావు. 1967లోనే, సీరియల్ ఇంకా నడుస్తుండగానే, స్పాకనేలియా అని ఒక పత్రిక వచ్చింది, అభిమానులే రాసి అభిమానులే అచ్చేసుకున్నది. అప్పుడు కంప్యూటర్లెక్కడివి, టైపు చేసి, స్టెన్సిల్ కోసి, మన సైక్లోస్టైల్ లాంటి మిషన్ మీద తిప్పి, పిన్నులు కొట్టి పోస్టులో పంపుకునేవాళ్ళు. ఆ మిషన్ సంగతి నాకు బాగా తెలుసు. మా బడిలో యూనిట్ పరీక్షల పేపర్లు దాని మీదే తిప్పేవాళ్ళం, స్టెన్సిల్ మీద ఒక అక్షరం తప్పు పడితే ఎర్రటి ద్రవం పూసి ఆరేదాకా ఊదాలి, సిరా గోళ్ళ సందుల్లో రెండు రోజులు పోయేది కాదు. అంత కష్టపడి వాళ్ళు రాసుకున్నవి ఏమిటి? స్పాక్ వాళ్ళమ్మ వేరే గ్రహం మనిషిని చేసుకుని అక్కడ ఎట్లా బతికింది, నర్సు చాపెల్ రాత్రిళ్ళు ఏం ఆలోచిస్తుంది, ఇట్లాంటివి. రాసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. డబ్బుల కోసం రాసిన రాతలు కావవి.

ఇప్పుడు మీ తమ్ముడు అడిగిన ఎర్రచొక్కాల సంగతి. కెప్టెన్‌తో పాటు కొత్త గ్రహం మీద దిగి మొదటి పది నిమిషాల్లో చచ్చిపోయేవాళ్ళు ఎక్కువగా ఎర్రచొక్కాల వాళ్ళే అని వాడు లెక్కపెట్టి నవ్వాడు. లోకమంతా దాని మీద జోకులేసుకుంటుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు బిడ్డా, ఎందుకో చెప్తా. నోమాడ్ వచ్చిన ఆ ఎపిసోడ్‌లోనే కాపలా ఉన్న ఎర్రచొక్కాలవాళ్ళు కూడా ఒక్క మెరుపుతో మాయమైపోతారు. వాళ్ళను ఎవరూ తర్వాత తలుచుకోరు. అదే 1967లో, ఆగస్టు 4న, నాగార్జునసాగర్ కాలువల్లోకి నీళ్ళు వదిలారు. మీ ముత్తాత పాలమూరు నుంచి వచ్చి ఆ డ్యాం కాడ రాళ్ళు మోశాడు. అది రాతి కట్టడం, మనుషుల చేతుల మీద, నెత్తుల మీద లేచింది. శంకుస్థాపన ఎవరు చేశారో, నీళ్ళు ఎవరు వదిలారో మేము బళ్ళో చదివాం, పరీక్షల్లో రాశాం. మా నాయన మాత్రం రాత్రి అన్నం తిని మంచం మీద కూర్చున్నప్పుడు ఇంకో ఇద్దరి పేర్లు చెప్పేవాడు, తనతో పాటు ఒకే గుడిసెలో ఉండి, పనిలో పడి చనిపోయినవాళ్ళు. ఒకతనికి చుట్ట కన్నా బెల్లం ముక్క ఇష్టమట, రెండో అతను ఇంటికి పోయినప్పుడల్లా బిడ్డకు రిబ్బన్లు కొనుక్కుపోయేవాడట. ఆ రిబ్బన్ల మాట ఏ పుస్తకంలోనూ లేదు, మా నాయన నోట్లోనే ఉండేది. అందుకే ఎర్రచొక్కా అతనికి పేరు పెట్టి, ఊరు పెట్టి, అతని మంచం కింద ఏం వస్తువులున్నాయో రాసిన ఫ్యాన్ ఫిక్షన్ కథ కనపడితే నాకు మా నాయన గొంతు వినపడుతుంది. తమ్ముడికి చెప్పు, నవ్వినందుకు నేనేం అనుకోను, కానీ వాడు లెక్కపెట్టినవాళ్ళలో ఒక్కడికి పేరు పెట్టి రెండు పేజీలు రాసి చూడమను.

కాపీ అన్న మాటకు వస్తా. నేను దేవరకొండలో పనిచేసినప్పుడు అద్దెకున్న ఇంట్లో ఒక అవ్వ ఉండేది, బియ్యం ఏరుతూ ఊర్మిళాదేవి నిద్ర పాట పాడేది. వాల్మీకి రామాయణంలో లక్ష్మణుడు అన్న వెంట అడవికి పోతాడు, మరి భార్య ఊర్మిళ ఏమైంది అంటే పెద్దగా ఏమీ ఉండదు. మన తెలుగు ఆడవాళ్ళు ఊరుకోలేదు. ఆమె పద్నాలుగేళ్ళు నిద్రపోయిందని పాట కట్టారు. లక్ష్మణుడు తిరిగొచ్చి లేపితే ఆమె మొగుణ్ణి గుర్తుపట్టదు! ఎవరో పరాయివాడు గదిలోకి వచ్చాడనుకుని, మా అక్క సీత, మా బావ రాముడు తెలిస్తే ఊరుకోరని, పరుల ఆలిని కోరినవాళ్ళకు ఏ గతి పట్టిందో తెలుసా అని హెచ్చరిస్తుంది. అవ్వ ఆ చోట ఏరడం ఆపి చేట ఒళ్ళో పెట్టుకుని పాడేది. పేర్లు వాల్మీకివే, ఇల్లు దశరథుడిదే. ఆ అవ్వను ఎవరైనా కాపీ కొట్టావు అనగలరా? శశిరేఖ కూడా వ్యాసుడి భారతంలో లేదు, అభిమన్యుడు పెళ్ళాడింది ఉత్తరను, అయినా శశిరేఖ లేని తెలుగిల్లు ఉందా. నీ ఉహురా, అవ్వ ఊర్మిళ ఇద్దరూ లేచి కూర్చుని ఎదురుగా ఉన్నవాళ్ళను గుర్తుపట్టలేకపోయినవాళ్ళే. నీకు ఆ పాట తెలియకుండానే నువ్వు దాని పక్కకు వచ్చి కూర్చున్నావు, అది చదివి నాకు ఒళ్ళు పులకరించింది.

అవ్వకూ నీకూ ఒక తేడా మాత్రం ఉంది, అది మర్చిపోవద్దు. రామాయణం అందరిదీ, స్టార్ ట్రెక్‌కు ఇప్పటికీ సొంతదారులున్నారు. అందుకని ఎవరి ఓడో మొదటి పేజీలోనే రాయి, అమ్మాలని చూడకు, వాళ్ళ డైలాగులు ఎత్తి పెట్టుకోకు. ఇంటర్నెట్‌లో ఇట్లాంటి కథలు చదవాలనుంటే మీ అమ్మను పక్కన కూర్చోబెట్టుకో, పెద్దవాళ్ళ కోసం రాసినవీ అక్కడే ఉంటాయి, పైన రాసిన హెచ్చరిక చూడకుండా ఏదీ తెరవకు. అట్లాంటి కథలు దాచిపెట్టే పెద్ద చోటు ఒకటుంది, ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అని, దానికి 2019లో హ్యూగో అవార్డు ఇచ్చారు, సైన్స్ ఫిక్షన్‌లో పెద్ద అవార్డు అది. నిన్ను కాపీ అన్నవాళ్ళకు ఈ ముక్క చెప్పొచ్చు.

ఇంకో మాట. నాలుగో పేజీలో ఓడలోకి కొత్తగా వచ్చిన తెలుగమ్మాయి ఉంది కదా, పదిహేనేళ్ళది, అందరికన్నా తెలివైంది, స్పాక్ కూడా మెచ్చుకున్నది. అది నువ్వేనని నాకు తెలిసిపోయింది. నీకు ఎవరో ఒకరు మేరీ సూ అంటారు. 1973లో పౌలా స్మిత్ అనే ఆవిడ, ఇట్లా పదిహేనున్నరేళ్ళ పిల్ల వచ్చి ఓడను కాపాడే కథలు మరీ ఎక్కువైపోయాయని, ఆ పేరుతో ఎగతాళిగా ఒక చిన్న కథ రాసింది. ఆ పేరు నిలిచిపోయి, తర్వాత తర్వాత రాసే ఆడపిల్లలందరినీ బెదిరించే మాటగా మారింది. నాకు ఆ బెదిరింపు నచ్చదు. తనలాంటి పిల్ల ఎక్కడా కనపడని ఓడలో ఆడపిల్ల మొదట తననే ఎక్కిస్తుంది, ఇంకెవరిని ఎక్కిస్తుంది? ఆ అమ్మాయిని తీసేయకు. కానీ టీచర్‌గా చెప్తున్నా, ఆమెకు ఒక పని చేతకాకుండా చెయ్యి. ఉహురాకు సాయం చేద్దామని పోయి మాట తప్పుగా అననీ, ఉహురా కోపంతో తలుపు వేసుకోనీ. అప్పుడు ఇద్దరూ మనుషులవుతారు.

పదకొండో పేజీలో నువ్వు ఆగిపోయావు. "ఉత్తరం చివర అమ్మ ఒక పాట రాసింది, కానీ ఆ పాట ఏ గొంతుతో" అని రాసి, తర్వాతి రెండు లైన్లు రబ్బరుతో కాగితం చిరిగేదాకా తుడిచేశావు. వెలుతురుకు పట్టి చూసినా ఏం రాశావో కనపడలేదు. ఇవ్వాళ పొద్దున బస్టాండుకు పోయి నోట్‌బుక్‌ను ఆర్టీసీ పార్సిల్‌లో వేశాను, రేపటికి మీ అమ్మకు ఫోన్ వస్తుంది. చిరిగిన చోట వెనక నుంచి తెల్ల కాగితం అంటించాను, పెన్సిల్‌తోనే రాయి, పెన్ను అయితే సిరా ఊరుతుంది. దసరాకు వచ్చినప్పుడు పన్నెండో పేజీ నుంచి నువ్వే నాకు చదివి వినిపించాలి, ఆ పాట ఏ రాగంలో ఉంటుందో కూడా ఆలోచించి పెట్టుకుని రా.

మీ అమ్మమ్మ
నల్లగొండ