పక్కనున్న సల్ఫర్ ఊరికే చూస్తూ కూర్చోదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

థయోఈథర్లతో (సల్ఫర్ రెండు కార్బన్ల మధ్య ఉండే పదార్థాలతో) పనిచేసేవాళ్ల దగ్గర, ఎమ్మెస్సీ పిల్లల దగ్గర తరచూ వినే మాటలివి. అలాంటి సల్ఫర్ పక్కన క్లోరిన్ ఉంటే, నీళ్లలో ఆ క్లోరిన్ ఎలా ఊడుతుందన్నదే ఇక్కడి విషయం.

అపోహ: సల్ఫర్ ఎలక్ట్రాన్లను లాగుతుంది, కాబట్టి సల్ఫర్ నుంచి లెక్కిస్తే రెండో కార్బన్ మీదున్న క్లోరిన్ నెమ్మదిగా ఊడుతుంది.

వాస్తవం: లాగే మాట నిజమే, కానీ ఇక్కడ వేగాన్ని తేల్చేది అది కాదు. సల్ఫర్ తన లోన్ పెయిర్‌తో (బంధంలో లేని ఎలక్ట్రాన్ జంటతో) ఆ కార్బన్‌ను వెనకవైపు నుంచి పట్టుకుని, క్లోరిన్‌ను బయటికి నెట్టి, మూడు పరమాణువుల రింగు కట్టేస్తుంది, నీళ్లు ఆ తర్వాతే వచ్చి రింగును తెరుస్తాయి. ఈ రింగు పేరు ఎపిసల్ఫోనియం అయాన్. 1917 జులైలో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం వాడిన మస్టర్డ్ గ్యాస్ ఒంటిని బొబ్బలెక్కించేది, డీఎన్ఏలో గ్వానైన్‌కు అతుక్కునేది ఈ రింగు వల్లే. సల్ఫర్ బదులు ఆక్సిజన్ పెట్టి చూడండి, ఆ జోరు ఉండదు. ఒకే గ్రూపు మూలకాలు కదా అని రెండింటినీ ఒకే గాటన కట్టకండి: ఆక్సిజన్ తన ఎలక్ట్రాన్లను గట్టిగా పట్టుకుంటుంది, సల్ఫర్ తేలిగ్గా ఇచ్చేస్తుంది. సల్ఫర్‌నే సల్ఫాక్సైడ్‌గా (సల్ఫర్‌కు ఒక ఆక్సిజన్ చేరిన రూపంగా) ఆక్సీకరిస్తే కూడా ఈ సాయం దాదాపు ఆగిపోతుంది.

అపోహ: కాస్టిక్ (సోడియం హైడ్రాక్సైడ్) ఎంత ఎక్కువ పోస్తే అంత త్వరగా అయిపోతుంది.

వాస్తవం: నెమ్మదైన మెట్టు రింగు కట్టుకోవడం, అందులో హైడ్రాక్సైడ్‌కు పనే లేదు. నీళ్లకు బదులు తానే రింగును తెరవగల థయోసల్ఫేట్ కలిపినా అంతే, క్లోరిన్ ఊడే వేగం దాదాపు అలాగే ఉంటుంది, చివరికి వచ్చే పదార్థం మాత్రం మారుతుంది.

అపోహ: సల్ఫర్ దగ్గరుంటే చాలు.

వాస్తవం: చాలదు, వెనకవైపు నుంచి అందాలి. సైక్లోహెక్సేన్ రింగు మీద సల్ఫర్, క్లోరిన్ చెరోవైపు ఉండే ట్రాన్స్ రూపం దూసుకుపోతుంటే, రెండూ ఒకేవైపు ఉండే సిస్ వెనకబడేది అందుకే. గొలుసు పొడవు కూడా చూడాలి: మూడు, ఐదు పరమాణువుల రింగులు తేలిక, నాలుగుది కష్టం.

అపోహ: పాత గ్రూపు పోయిన చోటే కొత్తది చేరుతుంది.

వాస్తవం: రింగు రెండువైపులా తెరుచుకోగలదు. 2-ఇథైల్‌థయో-1-ప్రొపనాల్‌కు (మొదటి కార్బన్ మీద OH, రెండోదాని మీద సల్ఫర్) గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే క్లోరిన్ రెండో కార్బన్ మీదికి వస్తుంది, సల్ఫర్ మొదటిదానికి జరుగుతుంది. దయచేసి ఇలాంటిది కనిపించగానే ఎన్ఎంఆర్ (అణువు నిర్మాణం చూపే పరీక్ష) తప్పు అనుకోకండి.

అపోహ: మస్టర్డ్ నీళ్లలో నిమిషాల్లో విరిగిపోతుంది, భయం లేదు.

వాస్తవం: కరిగిన భాగం సంగతే అది, అసలు కరిగేదే చాలా తక్కువ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బాల్టిక్ సముద్రంలో పారేసిన ముద్దలు దశాబ్దాల తర్వాత కూడా జాలర్ల వలల్లో పడి వాళ్లను కాల్చాయి. ల్యాబ్‌లో వాడే ఒంటి క్లోరిన్ హాఫ్ మస్టర్డ్ కూడా చర్మాన్ని కాలుస్తుంది. బీటా-క్లోరోసల్ఫైడ్ (సల్ఫర్ నుంచి రెండో కార్బన్ మీద క్లోరిన్ ఉన్నది) ఏదైనా సరే ఫ్యూమ్‌హుడ్‌లోనే మూత తీయండి, గ్లోవ్ మీద చుక్క పడితే వెంటనే మార్చండి.