సెకనుకు రెండు చెంచాల నీళ్ళు

"సార్, అంత బరువు బండికి అడుగున ఇనుము వెయ్యకుండా ప్లాస్టిక్ పట్టీ ఎందుకేశారు?"

అడిగింది తాడిపత్రి కుర్రాడు. నా దగ్గర ఇంటర్ చదివాడు, ఇప్పుడు వాళ్ళ మామ బండల పాలిష్ ఫ్యాక్టరీ చూసుకుంటున్నాడు. కొత్తగా పెళ్ళయి గుల్మార్గ్ వెళ్ళొచ్చాడు. అందరూ మంచులో జంటగా దిగిన ఫోటోలు పంపిస్తారు. ఇతను రిపేరు కోసం పక్కకు ఒరగబెట్టిన స్నో స్కూటర్ (మంచు మీద నడిచే మోటారు బండి) అడుగుభాగాన్ని నాలుగు వైపుల నుంచీ తీసి పంపాడు. కొత్త పెళ్ళికూతురు ఏమనుకుందో ఏమో గానీ, నాకు మాత్రం పండగే అయింది.

వెనకే ఇంకో మెసేజ్. మంచు తీసేసిన తారురోడ్డు దగ్గరికి రాగానే బండి నడిపేవాడు ఆపేశాడట. ఇంకో యాభై గజాలు పోనివ్వమంటే "కింద ప్లాస్టిక్ కరిగిపోతుంది" అన్నాడట. "నోట్లోంచి మాట రానంత చలి సార్ అక్కడ. ఆ చలిలో ప్లాస్టిక్ కరగడమేంది?"

కర్నూలులో మంచు అంటే చెరుకురసం బండి దగ్గర గోనెసంచిలో చుట్టిన ఐసుగడ్డే. అయినా ఈ ప్రశ్న మన ఊరి ప్రశ్నే. ఎందుకో చెబుతాను.

బండి పుట్టుక త్వరగా ముగిస్తా. కెనడాలోని క్యూబెక్‌లో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ అనే మెకానిక్ 1930ల్లోనే మంచు మీద మనుషుల్ని మోసే పెద్ద బండ్లు చేశాడు. 1959లో ఒకరిద్దరు ఎక్కే చిన్న బండి తెచ్చాడు, పేరు స్కీ-డూ. ముందు రెండు స్కీలు (మంచు మీద జారే పొడుగాటి పలకలు), వెనక గుండ్రంగా తిరిగే వెడల్పాటి రబ్బరు బెల్టు. ఇంజను, క్లచ్ వగైరా వదిలేస్తున్నాను, గేర్లు లేని మన స్కూటీలో ఉన్నదానికి అవి అన్నదమ్ములే. మొదట్లో బండి బరువంతా చిన్న చిన్న చక్రాల మీద పడేది, అవి బెల్టు లోపలివైపు దొర్లేవి. తర్వాత చక్రాలు తగ్గించి, రెండు పొడుగాటి పట్టాలు పెట్టారు. ఆ పట్టాలకు అడుగున తొడిగినవే మనవాడు చూసిన ప్లాస్టిక్ పట్టీలు. బెల్టు లోపలివైపు వరసగా ఉక్కు క్లిప్పులుంటాయి. బెల్టు తిరుగుతుంటే ఆ క్లిప్పులు పట్టీల కింద నుంచి జారుకుంటూ పోతాయి.

అంటే బండి మంచు మీద జారడం లేదు, తన బెల్టు మీద తనే జారుతోంది! మంచును పట్టుకుని నిలబడేది బెల్టు. దాని వీపు మీద పట్టీలు జారుతుంటాయి.

మన బండలాగుడు పోటీలు గుర్తు చేసుకోండి. శివరాత్రికో ఉగాదికో ఊరి బయట మైదానంలో ఎద్దుల జత టన్నుల బరువున్న బండను లాగుతుంది. గడువులోపల ఎన్ని అడుగులు లాగిందో కొలిచి బహుమతిస్తారు. చక్రం లేదు, ఇరుసు లేదు, రాయికీ నేలకూ మధ్య రాపిడి ఒక్కటే. ఓడిపోయిన జత యజమాని దిష్టి తగిలిందంటాడు, కొమ్ములకు నిమ్మకాయలు కడతాడు. ఆయన్ని నేను తప్పు పట్టను గానీ, ముందు జత లాగిన చాలులో మట్టి పొడిగా లేచిందా, పచ్చిగా అణిగిందా అని కూడా చూసుకోవాలి. ఈజిప్టులో జెహుతిహోటెప్ అనే అధికారి సమాధి గోడ మీద దాదాపు 3,900 ఏళ్ళ నాటి బొమ్మ ఒకటుంది. పెద్ద విగ్రహాన్ని చెక్క స్లెడ్జి (చక్రాలు లేని జారుడు బండి) మీద పెట్టి జనం తాళ్ళతో లాగుతుంటే, ఒకడు స్లెడ్జి ముందు నిలబడి ఇసుక మీద నీళ్ళు పోస్తుంటాడు. చాలాకాలం దాన్ని పూజా తంతు అనుకున్నారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రవేత్తలు లాగి చూస్తే, సరిపడా తడి ఉన్న ఇసుక మీద బలం సగం చాలింది. తడి ఎక్కువైతే మళ్ళీ కష్టమే. అందరూ పూజారి అనుకున్న మనిషి నిజానికి కందెన పోసేవాడన్నమాట.

కందెన లేకపోతే పరమేశ్వరుడి బండైనా కదలదంటారు. మనవాళ్ళు ఆ మాటను ఆఫీసుల్లో లంచానికి వాడుకుంటున్నారు గానీ, అందులో ఉన్నది అచ్చమైన భౌతికశాస్త్రం. రాపిడి, అరుగుదల, కందెన మూడింటినీ కలిపి చదివే శాస్త్రానికి 1966లో బ్రిటన్‌లో ట్రైబాలజీ అని పేరు పెట్టారు.

ఇక లెక్క. బండీ మనిషీ కలిపి 350 కిలోలనుకోండి. స్కీలు, చక్రాలు మోసేది తీసేస్తే పట్టీల మీద 200 కిలోలు పడిందనుకుందాం, అంటే సుమారు 2,000 న్యూటన్లు. ఉక్కు మీద ఈ ప్లాస్టిక్‌కు ఘర్షణ గుణకం (బరువులో ఎన్నో వంతు రాపిడి బలమవుతుందో చెప్పే అంకె) 0.1 వేసుకుంటే రాపిడి బలం 200 న్యూటన్లు. వేగం గంటకు 60 కిలోమీటర్లు, అంటే సెకనుకు 16.7 మీటర్లు. రెంటినీ గుణించండి: 3,300 వాట్లు.

వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు మూడు. ఫుల్లుగా వేడెక్కిన మూడు ఇస్త్రీపెట్టెల వేడి, వేలెడు వెడల్పు కూడా లేని రెండు ప్లాస్టిక్ పట్టీల మీద, బండి నడిచినంతసేపూ పుడుతూనే ఉంటుంది.

ఈ వేడి ఎక్కడికి పోవాలి? క్లిప్పుకు బాధ లేదు. బెల్టు చుట్టుకొలత మూడున్నర మీటర్లుంటే, ఆ వేగంలో ఒక్కో క్లిప్పు సెకనుకు దాదాపు ఐదుసార్లు చుట్టి వస్తుంది. ప్రతి చుట్టులో మూడోవంతు దూరమే అది పట్టీ కింద ఉండేది, మిగతా అంతా చలిగాలిలో ఊరేగింపు. పైగా ఉక్కు. వేడిని ఇట్టే పంచేసుకుంటుంది. పట్టీకి అలా కాదు. దానికి షిఫ్టు మారడం లేదు, విశ్రాంతి లేదు. ప్లాస్టిక్ కాబట్టి వేడిని లోపలికి పంపే గుణమూ లేదు. పుట్టిన వేడి పుట్టిన పొరలోనే కూర్చుంటుంది. 130 డిగ్రీలు దాటితే ఆ ప్లాస్టిక్ కరుగుతుంది. అంతకు చాలా ముందే మెత్తబడి, ఉక్కు దాన్ని వెన్నలా తుడుచుకుపోతుంది.

దీన్ని కాపాడేది మంచు. బెల్టుకు మధ్యమధ్యలో కిటికీల్లాంటి కంతలుంటాయి. వాటిలోంచి, పక్కల నుంచి మంచుపొడి లేచి పట్టీల మీద పడుతుంది, కరుగుతుంది. ఒక కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ళ వేడి మింగుతుంది. మనకు సెకనుకు పుడుతున్నది 3.3 కిలోజౌళ్ళు. భాగించండి. సెకనుకు 10 గ్రాములు! రెండు టీ చెంచాలు. ఆ రెండు చెంచాల మంచు పట్టీ దగ్గరికి చేరితే మూడు ఇస్త్రీపెట్టెలూ చల్లారినట్టే.

ఈ రెండు చెంచాలు నన్ను వారం రోజులుగా వదల్లేదు. ఎందుకంటే ఇందులో ఒక చిక్కుంది. కాపాడుతున్నది చలి అనుకుంటాం. కానీ మైనస్ 20లో ఉన్న మంచును సున్నా దాకా తేవడానికి కిలోకు 42 కిలోజౌళ్ళే పడుతుంది. కరిగించడానికి పట్టే 334లో అది ఎనిమిదో వంతు. అంటే చలి చేసే సాయం కొంచెం, కరగడం చేసే సాయం కొండంత. కరగడానికి మంచు అందకపోతే ఎంత చలి ఉన్నా పట్టీకి ఒరిగేదేమీ లేదు.

అందుకే తారురోడ్డు కంటే నాకు వింతగా తోచేది గడ్డకట్టిన చెరువు. మైనస్ 20. కింద అడుగు మందాన ఐసు. అయినా గట్టి ఐసు మీద లేచే పొడి ఉండదు కదా! బెల్టు దాని మీద ఊరికే దొర్లిపోతుంది, పట్టీకి చుక్క అందదు, కాలిన ప్లాస్టిక్ వాసన మొదలవుతుంది. ఇంజనును చల్లబరిచే రేడియేటరుకూ అదే మంచుపొడి తగలాలి కాబట్టి ఇంజనూ వేడెక్కుతుంది. తుంగభద్ర మా జిల్లా పక్క నుంచే పోతున్నా ఆలూరు, పత్తికొండ చేలు ఎండిపోయినట్టు, నీళ్ళ మీదే నిలబడి నీటి కరువు. దీనికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం చాలా చవక. పట్టాలకు స్ప్రింగు తీగలు బిగిస్తారు, ఆ తీగల కొసలు ఐసును గీరుకుంటూ పోతాయి. గీరిన పొడి ఎగిరి పట్టీల మీద పడుతుంది. మన రెండు చెంచాలు దొరికిపోయాయి.

తాడిపత్రి కుర్రాడికి ఇదంతా ఒక్క మాటలో చెప్పొచ్చు: నీ కటింగ్ మిషన్ మీద నీళ్ళ పైపు ఆగితే ఏమవుతుంది? బ్లేడు ఎర్రబడుతుంది, పళ్ళు రాలిపోతాయి. అక్కడ నీళ్ళు వేడిని మాత్రమే మోసుకుపోవు, రాతిపొడిని కూడా కడిగేస్తాయి. పట్టీ దగ్గరా ఇదే జరుగుతుంది. కరిగిన మంచు సన్నటి పొరగా ఉక్కుకూ ప్లాస్టిక్‌కూ మధ్య నిలిచి జారుడిస్తుంది, ఇసుక రేణువుల్ని బయటికి తోస్తుంది.

ఆ రేణువుల్ని తక్కువగా చూడకూడదు. పాత చేదబావుల దగ్గర తాడు ఒరిసి ఒరిసి రాతికి చాళ్ళు పడి ఉంటాయి. మెత్తటి తాడు గట్టి రాయిని ఎలా కోసింది? ఓపికతో కోసిందని పిల్లలకు చెబుతాం. ఓపిక ఒక్కటే చాలదు. తడి తాడు నేల మీద పడి దుమ్మూ ఇసుకా అంటించుకుంటుంది. కోసేది ఆ ఇసుక, తాడు దాన్ని పట్టుకుని లాగే చెయ్యి. మెత్తటిదాంట్లోనే రేణువు దిగబడి కూర్చుంటుంది, గట్టిదాన్ని గీస్తుంది. మట్టి తేలిన దారిలో నడిచిన బండికీ అదే గతి. పట్టీలో ఇసుక దిగబడుతుంది, అప్పుడు పట్టీతో పాటు ఉక్కు క్లిప్పులూ అరుగుతాయి.

మరి మొదటి ప్రశ్న: ఇనుమే వేస్తే? ఇనుము మీద ఇనుము అంత వేగంతో, నూనె లేకుండా రాసుకుంటే రెండూ ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. పట్టీ చవక, విప్పి మార్చుకోవచ్చు. బెల్టు ఖరీదు. ఏదో ఒకటి అరగక తప్పనప్పుడు చవకది అరగాలని పట్టీని మెత్తగా చేశారు. ఆ మెత్తనిది కూడా ఆషామాషీ సరుకు కాదు. పేరు పాలిథీనే, కూరగాయల కవరుకు వాడే జాతిదే. కానీ కవరులో ఒక్కో అణువు గొలుసు పొట్టిది. ఇందులో గొలుసు ఎంత పొడుగంటే దాని అణుభారం 30 లక్షలు దాటుతుంది. పొడుగు జడల్లా అవి ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉంటాయి, పీకినా ఊడి రావు. కరిగించినా పాకంలా పారదు, జిగురు రబ్బరులా నిలబడుతుంది.

మా అమ్మకు రెండేళ్ళ కిందట మోకీలు మార్చారు. అందులో లోహానికీ లోహానికీ మధ్య పెట్టినదీ ఈ ప్లాస్టిక్కే. తుంటి కీలు మార్పిడికి దారి వేసిన బ్రిటిష్ డాక్టరు జాన్ చార్న్‌లీ మొదట టెఫ్లాన్ వాడాడు. జారుడులో దానికి సాటి లేదు, కానీ కొన్నేళ్ళకే అరిగిపోయింది. ఆ పొడికి చుట్టూ కండ వాచింది. 1962లో ఈ పాలిథీన్‌కు మారాడు. రెండు ప్లాస్టిక్‌ల ముక్కల్నీ తన తొడలోనే పెట్టించుకుని చూశాడాయన. బాగా జారేదల్లా బాగా మన్నదు అన్న సంగతి అక్కడ తేలింది.

ఇక్కడ నా వృత్తి మీద నాకే ఒక ఫిర్యాదు. ఘర్షణ గుణకాన్ని మేము క్లాసులో ఒక అంకెగా చెప్పేస్తాం, వాలుతలం మీద చెక్కముక్క బొమ్మ గీసి వదిలేస్తాం. అరుగుదల పాఠమే లేదు. 1953లో ఆర్చర్డ్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రం పదో తరగతి పిల్లలకైనా అర్థమవుతుంది: అరిగేది బరువుకూ జారిన దూరానికీ అనుపాతంలో, గట్టిదనానికి విలోమంగా. ముందు ఒక స్థిరాంకం ఉంటుంది. తడికీ పొడికీ ఆ స్థిరాంకం ఎంతో తేడాగా మారుతుంది. అందుకే పట్టీలు ఎన్ని కిలోమీటర్లు వస్తాయంటే జవాబు లేదు. మెత్తటి మంచులో వేల కిలోమీటర్లు. తారురోడ్డు మీద ఒక్క మధ్యాహ్నం.

బెల్టు గురించీ రెండు మాటలు. లోపల గుడ్డపొరలూ అడ్డంగా ఫైబర్ గ్లాస్ కడ్డీలూ పెట్టి రబ్బరు పోస్తారు. కొత్తలో సాగుతుంది, పిండిమర బెల్టులాగే మళ్ళీ బిగించాలి. నడుమ బరువు వేలాడదీసి ఎంత జారిందో కొలిచి చూస్తారు. వదులైతే లోపలి పళ్ళు దాటేసి టకటకమంటుంది. బిగువైతే ఇంజను బలం తింటుంది, పట్టీని నొక్కి అరగదీస్తుంది. ఆ నొక్కుడు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. పట్టాలు ముందువైపు పైకి వంగే చోట బెల్టు ఆ వంపును కౌగిలించుకుని లాగుతుంది, అక్కడ పట్టీ త్వరగా పోతుంది.

ఇదంతా రాసి పంపాక, అతని మూడో ఫోటోను పెద్దది చేసి చూశాను. పట్టీ పక్కన, ఇంతకంటే అరిగితే మార్చాలని చెప్పే సన్నటి గీత ఒకటుంటుంది. వెనకవైపు గీతకూ అంచుకూ మధ్య చిటికెన వేలి గోరంత మందం మిగిలి ఉంది. ముందు వంపు దగ్గర గీతే లేదు.

"ఎప్పుడు తీశావురా ఈ ఫోటో, బండి ఎక్కకముందా, దిగాకా?" అని అడిగాను.

"ఎక్కకముందే సార్" అన్నాడు.