ఆరు వరుసల పట్టీ మళ్లీ ఎందుకొచ్చింది

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో తెలుగు ట్యూషన్ మాస్టర్ల ఫోన్లలో ఆరు వరుసల పట్టీ మళ్లీ తిరుగుతోంది. 1 నుంచి సంఖ్యల్ని అడ్డంగా ఆరేసి చొప్పున రాసుకుంటూ పోతే 2, 3 తప్ప ప్రధాన సంఖ్యలన్నీ (1తో, తమతో తప్ప దేనితోనూ భాగం పోనివి) ఒకటో, ఐదో నిలువు వరుసల్లోనే పడతాయి. క్రమం దొరికిందని ఒక పక్షం, ప్రధాన సంఖ్యలకు క్రమమే లేదని ఇంకో పక్షం.

పట్టీ అబద్ధం చెప్పదు. అయితే అది చేసేదల్లా 2, 3 గుణిజాలను పక్కకు నెట్టడమే. ఆ రెండు వరుసల్లో 5 నుంచి 100 దాకా 32 సంఖ్యలుంటే 23 ప్రధానాలు. మిగిలినవి 25, 35, 49, 55, 65, 77, 85, 91, 95. 5తో ముగిసేవి పిల్లలు ఇట్టే పట్టేస్తారు, 91 దగ్గర బోల్తా పడతారు. వెయ్యి దాకా వెళ్తే 332లో 166, సరిగ్గా సగం. పది లక్షలకు 3,33,332లో 78,496, పావు వంతు కూడా లేదు.

ఈ తగువుకు అసలు మూలం 1853లో ఉంది. 4తో భాగిస్తే శేషం 3 మిగిలే ప్రధానాలు, శేషం 1 మిగిలేవాటికన్నా లెక్కలో ముందుంటున్నాయని ఆ ఏడాది రష్యా గణితవేత్త చెబిషెవ్ ఒక ఉత్తరంలో రాశాడు. 3తో భాగించినా అంతే, శేషం 2 జట్టుదే పైచేయి. మన పట్టీలో అది ఐదో వరుస. ఊరికే కాదు: 3 కాని ఏ ప్రధాన సంఖ్య వర్గమైనా శేషం 1 వైపే పడుతుంది. ప్రధానాలు ఎన్నుంటాయో చెప్పే జర్మన్ గణితవేత్త రీమన్ 1859 లెక్కలో అలాంటి ఒక్కో వర్గం అర ప్రధానంగా లెక్కకొస్తుంది, ఆ మేరకు అటువైపు ప్రధానాలు తగ్గుతాయి. క్రమమే లేదనేవారు దీనికి జవాబు చెప్పాలి.

కానీ 1914లో ఇంగ్లండ్ గణితవేత్త లిటిల్‌వుడ్ ఈ ఆధిక్యం అనంతంగా చేతులు మారుతూనే ఉంటుందని నిరూపించాడు. 4 విషయంలో శేషం 1 జట్టు మొదటిసారి ముందుకొచ్చేది 26,861 దగ్గర. 3 విషయంలో 60,898 కోట్ల 18 లక్షల 13 వేల 29 దాకా ఆగాలి. కంప్యూటర్‌తో అది తేలింది 1976లో. వెయ్యి వరకు సరిచూశాం, క్రమం దొరికింది అనే మాట ఈ సంఖ్య ముందు ఎక్కడ నిలుస్తుంది?

నవోదయ పరీక్షకు వెళ్లే పిల్లలకు పట్టీ ఇవ్వొచ్చు. 289 లోపు సంఖ్య ఆ రెండు వరుసల్లో ఉంటే 5, 7, 11, 13తో భాగించి చూడమని కూడా చెప్పాలి. వీటిలో తనను తాను తప్ప దేనితోనూ పోకపోతేనే, 1 కాకపోతేనే, అది ప్రధాన సంఖ్య.