ఫిలిప్పీన్స్‌లో బాస్కెట్‌బాల్ ఆటగాడి బతుకు: అపోహలు - వాస్తవాలు

బాస్కెట్‌బాల్ నేర్పడం నా వృత్తి. మా కోర్టుకు వచ్చే పిల్లల అక్కలూ అన్నలూ కొందరు ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ చదువుతున్నారు. వాళ్లు పంపే వీడియోలు చూసి ఇక్కడివాళ్లు అక్కడి ఆటగాళ్ల గురించి ఏవేవో అనుకుంటుంటారు. వాటిలో తరచూ వినబడేవి ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణకు ఎక్కువగా జూన్ మార్ ఫహార్డోనే తీసుకుంటాను. ఈ తరంలో అక్కడ అతన్ని మించిన సెంటర్ (రింగు దగ్గర ఆడే పొడవాటి ఆటగాడు) లేడని నా అభిప్రాయం.

అపోహ: "అక్కడివాళ్లు పొట్టి. బాస్కెట్‌బాల్ వాళ్లకు వీధి సరదా, అంతే."

సరదా మాట నిజమే, ఏ బరంగాయ్‌లో (అక్కడి వార్డు లాంటిది) చూసినా ఒక రింగు కనబడుతుంది. కానీ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఐదో స్థానం, 1954 ప్రపంచ పోటీల్లో కాంస్యం వాళ్లవే. వాళ్ల పీబీఏ, అంటే ఫిలిప్పీన్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ లీగ్, 1975లో మొదలైంది. ఆసియాలో తొలి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ అదే. 2023 ప్రపంచ కప్ తొలిరోజు ఫిలిప్పీన్ అరీనాకు 38,115 మంది వచ్చారు. ప్రపంచ కప్ చరిత్రలో ఒక మ్యాచ్‌కు అంత జనం అంతకుముందెప్పుడూ రాలేదు.

అపోహ: "ఆరడుగుల పది అంగుళాలుంటే ఎవరైనా ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు) అవుతారు."

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఫహార్డోది సెబు ద్వీపంలోని పినముంగహాన్. కాలేజీ రోజుల్లో యూనివర్సిటీ ఆఫ్ సెబుకు ఆడాడు. అంటే మనీలా పెద్ద యూనివర్సిటీల టీవీ వెలుగులో పెరిగినవాడు కాదు. 2012లో పీబీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు అతన్నే తీసుకున్నారు. మరి ఆ సీజన్ ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు ఎవరికి వచ్చింది? రెండో పిక్‌గా వెళ్లిన కాల్విన్ అబుయేవాకి. అతని ఎత్తు ఆరడుగుల రెండు అంగుళాలు! ఎత్తు తలుపు వరకే తీసుకెళ్తుంది. ఆ తర్వాత ఫహార్డో 2014 నుంచి 2019 వరకు వరసగా ఆరుసార్లు ఎంవీపీ అయ్యాడు. అంతకుముందు రామన్ ఫెర్నాండెజ్, ఆల్విన్ పాట్రిమోనియో చెరో నాలుగుతో ఆగారు.

అతని వీడియో పెట్టినప్పుడు మా పిల్లలకు చెప్పేది ఒకటే: బంతిని వదిలేయండి, కాళ్లు చూడండి. బంతి ఇంకా అవతలి వైపు ఉండగానే అతని పాదం డిఫెండర్ ముందు అడ్డంగా పడిపోతుంది. మోకాళ్లు వంచి, నడుము దించి, వెనకవాడి మీద ఆనుకుని కూర్చున్నట్టు నిలబడతాడు. చెయ్యెత్తి బంతి అడుగుతాడు. పాస్ అందేసరికి డిఫెండర్‌కు ముందుకొచ్చే దారే ఉండదు. ఒక్క డ్రిబుల్, భుజం తిప్పడం, హుక్. ఇద్దరు మీద పడితే బంతి బయట ఖాళీగా ఉన్న షూటర్‌కు పోతుంది. ఇందులో ఎగిరే పని ఎంతుందో లెక్కేయండి. అసలు కష్టమంతా బంతి రాకముందే అయిపోయింది.

అపోహ: "అదీ ఐపీఎల్ లాంటిదే. ఊళ్ల పేర్లు, కోట్ల వేలం."

పీబీఏలో వేలమూ లేదు, ఊళ్ల పేర్లూ లేవు. జట్లు కంపెనీలవి. ఫహార్డో జట్టు పేరే శాన్ మిగెల్ బీర్‌మెన్, బీరు కంపెనీ! గినెబ్రా అంటే జిన్ను, మెరాల్కో అంటే కరెంటు కంపెనీ. జీతం నెలవారీ. దానికి లీగ్ పెట్టిన గరిష్ఠ పరిమితి చాలా ఏళ్లుగా 4,20,000 పెసోలు, మన లెక్కలో ఆరు లక్షల పైచిలుకు. బోనస్‌లు, ప్రకటనల డబ్బు వేరే. ఆ గరిష్ఠం అందుకునేది పేరున్న కొద్దిమందే, బెంచి చివర కూర్చునేవాడి సంగతి వేరు.

మన రైల్వేస్, ఓఎన్‌జీసీ ఆటగాళ్లనూ కంపెనీయే పోషిస్తుంది కదా అంటారు. తేడా ఉంది. మన దగ్గర ఆట ఆగాక కూడా ఆఫీసులో కుర్చీ ఉంటుంది. అక్కడ కాంట్రాక్టు ముగిస్తే లెక్క తేలినట్టే. ట్రేడ్ అయితే, అంటే జట్లు ఆటగాళ్లను మార్చుకుంటే, పొద్దున ఒక కంపెనీకి ప్రాక్టీసు చేసినవాడు సాయంత్రానికి పోటీ కంపెనీ మనిషి. ఒక్కోసారి జట్టే మూతపడుతుంది. 1996లో ఏడాదిలోని మూడు కప్పులూ గెలిచిన అలాస్కా 2022లో లీగ్ వదిలి వెళ్లిపోయింది. ఇక ఊరి పండగల్లో డబ్బు కట్టి ఆడించే 'లిగాంగ్ లబాస్' ఆటలకు పీబీఏ వాడు అనుమతి లేకుండా వెళ్తే జరిమానా పడుతుంది. అక్కడ కాలు విరిగితే నష్టపోయేది జీతమిచ్చే కంపెనీ మరి.

అపోహ: "పెద్ద గాయమైతే పని అయిపోయినట్టే."

2016లో ఫిలిప్పీన్ కప్ (పీబీఏ టోర్నీల్లో ఒకటి) ఏడు ఆటల ఫైనల్‌కు ముందు ఫహార్డో మోకాలికి దెబ్బ తగిలింది. అతను లేకుండా శాన్ మిగెల్ అలాస్కా చేతిలో వరసగా మూడు ఓడింది. నాలుగోది అతను లేకుండానే గెలిచింది. ఐదో ఆటకు అతను తిరిగొచ్చాడు. చివరికి 4-3తో కప్పు శాన్ మిగెల్‌దే. 0-3 నుంచి లేచి కప్పు కొట్టడం ఆ లీగ్‌లో అదే మొదటిసారి.

2020 ఫిబ్రవరిలో జరిగింది ఇంకా పెద్దది. ప్రాక్టీసులో కాలి ఎముక విరిగింది. సర్జరీ అయ్యింది, ఆ సీజన్ మొత్తం పోయింది. ముప్పై దాటిన సెంటర్‌కు ఇలాంటి దెబ్బ తగిలితే నేనైతే పెద్దగా ఆశ పెట్టుకోను. అతను 2022-23 సీజన్‌కు మళ్లీ ఎంవీపీ అయ్యాడు, తర్వాతి సీజన్‌కూ అయ్యాడు. అక్కడికి ఎనిమిది. ఎగరడం మీద కట్టిన ఆటైతే ఇలా తిరిగి వచ్చేది కాదు. అతనిది పాదాల మీద కట్టిన ఆట.

అపోహ: "ఎన్‌బీఏకు (అమెరికా లీగ్) వెళ్లకపోతే విఫలమైనట్టే."

ఏడడుగుల మూడు అంగుళాల కై సోటోను 2022 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. అతను తర్వాత జపాన్‌లో ఆడాడు. 2020లో థర్డీ రవేనా జపాన్ బి లీగ్‌లో ఆసియా కోటాతో (ఆసియా దేశాల ఆటగాళ్లకు కేటాయించిన చోటు) చేరిన తొలి ఫిలిప్పీన్స్ ఆటగాడు. 2022లో కొరియా లీగ్ కూడా వాళ్లకు తలుపు తీసింది. ఇప్పుడు చాలామంది కుర్రాళ్ల లెక్క పీబీఏనా జపానా అన్నదే.

అపోహ: "రిటైరైతే అందరూ రాజకీయాల్లోకే."

రాబర్ట్ జవోర్స్‌కీ యాభై ఏళ్ల వయసు వరకు ఆడి, 1998లో సెనేటర్ అయ్యాడు. జేమ్స్ యాప్ 2022లో శాన్ హువాన్ నగర కౌన్సిలర్‌గా గెలిచాడు. పేర్లు గుర్తుండేది ఇలాంటివాళ్లవే. ఎక్కువమంది ఏ చప్పుడూ లేకుండా కోచింగ్‌లోకో చిన్న వ్యాపారంలోకో వెళ్లిపోతారు.

అపోహ: "మా అబ్బాయి అక్కడ చదివితే పీబీఏలో కూడా ఆడొచ్చు కదా, సార్?"

కాలేజీ వరకు దారి ఉంది. కామెరూన్ నుంచి వచ్చిన బెన్ ఎంబాలా డి లా సాల్ యూనివర్సిటీకి ఆడి 2016, 2017ల్లో యూఏఏపీ (అక్కడి యూనివర్సిటీల లీగ్) ఎంవీపీ అయ్యాడు. పీబీఏ అలా కాదు. ఫిలిప్పీన్స్ మూలాలు లేనివాడు 'ఇంపోర్ట్'గానే, అంటే విదేశీ ఆటగాడిగానే రావాలి. మూడు టోర్నీల్లో ప్రధానమైన ఫిలిప్పీన్ కప్‌లో ఇంపోర్టులకు చోటే లేదు. గినెబ్రాకు ఆడే అమెరికన్ జస్టిన్ బ్రౌన్లీకి 2023 జనవరిలో ఫిలిప్పీన్స్ పౌరసత్వం వచ్చింది. అదే ఏడాది హాంగ్జౌ ఆసియా క్రీడల్లో 1962 తర్వాత బాస్కెట్‌బాల్‌లో ఆ దేశానికి దక్కిన తొలి స్వర్ణంలో అతనిది పెద్ద చెయ్యి. పీబీఏ లెక్కలో మాత్రం ఆ తర్వాత కూడా అతను ఇంపోర్టే.